వివేకమే సారథి

భిలాయి ఉక్కు కర్మాగారము చెంతనున్న ఖుర్సీపార్‌లో తెలుగు కార్మిక కుటుంబములు పెక్కు కలవు. అచ్చటి అన్నదమ్ముల నిద్దరిని ఊహింపుడు. ఒకనాడు పనిచోట తమ్ముడు లోపలిగదిలో స్పృహతప్పి పడెను. గుమ్మమువద్ద నున్న అన్నకు పొగ కానరాదు, వాసన తగులదు. శ్వాసయంత్రము తెచ్చుటకు కొన్ని నిమిషములు పట్టును. అతడేమి చేయవలెను?

"దూకుము" అని మనస్సు తొందరపెట్టును. కాని ఊదుకొలిమి వాయువులో కార్బన్ మోనాక్సైడు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. ఊరక దూకినచో ఒక మరణము రెండగును. ఇది వట్టి ఊహ కాదు. 2014 జూన్ 12న ఆ కర్మాగారమున ఈ వాయువు వెలువడి ఆరుగురు మరణించిరి.

అట్లయిన ఆగుట నిర్దయయా? భయముచే నిలిచిపోవువాడును, యంత్రమునకై పరుగిడువాడును, ఇరువురును లోనికి పోరు. మొదటివాడు తన్ను కాచుకొనుచున్నాడు. రెండవవాడు తమ్ముని కాచుచున్నాడు. భేదము అడుగులో లేదు, సంకల్పములో నున్నది.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను వర్ణించినది. సారథి పగ్గమును త్రెంచివేయడు, చేత పట్టును. వివేకియు కరుణను చంపుకొనడు, దానికి దారి చూపును. అయినను యంత్రము వచ్చునప్పటికి తమ్ముడు దక్కకపోవచ్చును. వివేకము ఫలమునకు పూచీపడదు. కర్తవ్యమును మాత్రమే చూపును.

గుఱ్ఱములు బెదరిన పిమ్మట రథము తోలుట నేర్వజాలము. ప్రశాంతముగా నున్న నేడే బుద్ధిని సాధనచే సిద్ధపరచుకొందము గాక!