గోడ మీది సరస్సు

హాలులో సోఫా వెనుక గోడకు పెద్ద క్యాన్వాస్ చిత్రం తగిలించుకోవడం నేడు మన పూడూరు లాంటి ఊళ్ళలోనూ కనిపిస్తున్నది. మంచు కప్పిన పర్వతాలు, వాటి నడుమ నీలాకుపచ్చని సరస్సు. ఇలాంటి చిత్రం ముస్లిం ఇంట్లో ఉండవచ్చునా అని అడిగేవారున్నారు.

బొమ్మలు చేసి బతికే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చాడు. ప్రాణుల రూపాలు చేసేవారికి పడే శిక్ష గురించి దైవప్రవక్త (స) చెప్పిన మాటను ఆయన వినిపించారు. ఆ మనిషి ముఖం పాలిపోయింది. తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేనివాటిని గీసుకోమని ఆయన అతనికి దారి చూపారు (బుఖారీ). కనుక కొండలు, నీరు మాత్రమే ఉన్న చిత్రం నిషిద్ధం కాదు.

అయితే విషయం అంతటితో ముగియదు. హజ్రత్ ఆయిషా (రజి) తలుపుకు వేలాడదీసిన ఒక వస్త్రాన్ని, ప్రయాణం నుంచి తిరిగివచ్చిన దైవప్రవక్త (స) లాగివేశారు. రాళ్ళకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ ఆదేశించలేదన్నారు. అదే వస్త్రంలో ఖర్జూరపు నార కూరి ఆమె రెండు దిండ్లు చేస్తే తప్పుపట్టలేదు (ముస్లిం). అందం ఇస్లాంలో దోషం కాదు. కానీ ఆ అందం మనల్ని ఎటు నడిపిస్తోందన్నది చూసుకోవాలి.

హిమానీనదం మెల్లగా జారుతూ రాతిని పిండిలా నూరుతుంది. ఆ పిండి నీటిలో తేలుతూ వెలుగును వెదజల్లడం వల్లనే సరస్సుకు ఆ రంగు వస్తుంది. అది తలచి ‘సుబ్ హానల్లాహ్’ అంటే చిత్రం మనకు మేలే చేసింది. కానీ చిత్రంలోని నీరు ఎండదు, మురికిపడదు, ముంచదు. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ ల్హోనక్ సరస్సు గట్టు తెగి తీస్తా లోయను ముంచెత్తినప్పుడు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. గోడ మీది నీరు మన నుంచి ఏమీ కోరదు. అసలు నీటికి మనపై హక్కు ఉంటుంది. ఏ హక్కూ చెల్లించకుండానే ప్రకృతిని ప్రేమిస్తున్నామన్న తృప్తి కలగడమే ఇందులోని ప్రమాదం.

అల్ గాషియా సూరాలో అల్లాహ్ దేన్ని చూడమన్నాడో గమనించండి. ఒంటె, ఆకాశం, పర్వతాలు, నేల. ఇవన్నీ ఆనాటి అరబ్బుల కళ్ళెదుట నిత్యం ఉన్నవే! దూరదేశపు వింతలను కాదు, తమ చుట్టూ ఉన్న సూచనలనే చూడమన్నాడు.

మరి మన కళ్ళెదుట ఏముంది? మన వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి కొండల్లోనే మూసీ పుడుతుంది. 1920లో ఆ నదిపై పూర్తయిన ఉస్మాన్ సాగర్ హైదరాబాదు దాహం తీర్చింది. అదే నది నగరం దాటేసరికి మురుగును మోస్తుంది. నిలిచి ఉన్న నీటిలో మూత్రం పోయరాదనీ, నీటి రేవులను మలినం చేయరాదనీ దైవప్రవక్త (స) వారించారు. ఊరి చెరువులో చెత్త పోసి వచ్చి, గోడ మీది సరస్సును చూసి మురిసిపోయే మనిషి ఈ రెండింటిలో దేన్ని ప్రేమిస్తున్నట్లు?

నీరు భూమిలోకి ఇంకిపోతే తిరిగి ఎవరు తెచ్చివ్వగలరని అల్ ముల్క్ సూరా చివరి ఆయతు నిలదీస్తోంది. ప్రళయదినాన దాసుణ్ణి మొట్టమొదట అడిగే వరాలలో చల్లని నీరు ఒకటని హదీసు (తిర్మిజీ). చిత్రం తగిలించుకోండి. నమాజులో దృష్టి చెదరకుండా ఖిబ్లా గోడకు మాత్రం వద్దు. అలాగే మన చెరువు గట్టుకు, మన వాగుకు చెల్లించాల్సిన హక్కునూ మరువకండి. తాగిన నీటికి జవాబు చెప్పుకోగల దాసులుగా అల్లాహ్ మనల్ని తీర్చిదిద్దుగాక! ఆమీన్.