నాలుగో ఋణం

ఒకరి కన్నీటిని ఇంకొకరు పాట కట్టి అమ్ముకుంటే అది పాపమా, అప్పా?

1970 మే నెలలో గిటారిస్టు పీటర్ గ్రీన్ ఫ్లీట్‌వుడ్ మాక్ సంగీత బృందాన్ని వదిలేశాడు. లండన్ ఈస్ట్ ఎండ్‌లో యూదుల ఇంట పుట్టి, అమెరికా నల్లజాతి కూలీల బ్లూస్ వాయించి పేరూ డబ్బూ గడించినవాడు. ఆకలితో చచ్చేవాళ్లుండగా మనకింత సంపాదన ఎందుకు, పంచేద్దాం అన్నాడు. తోటివాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఏడాది చివర వచ్చిన అతని ‘ది ఎండ్ ఆఫ్ ది గేమ్’ ఆల్బమ్‌లో ఒక్క మాటా వినిపించదు. గిటారు తనలో తానే తర్కించుకుంటూ పోతుంది.

పరుల బాధతో వచ్చిన సంపాదన మీది ఆ తర్కం ముంబై ఫాక్‌లాండ్ రోడ్డుకు వస్తే ఇంకా పదునెక్కుతుంది. పక్కనే కామాఠీపుర. ఆ నగరం కట్టడానికి తెలంగాణ నుంచి తరలివెళ్లిన కామాటీల పేరున వెలిసిన పేట అది. లోకం మాత్రం వాళ్ల తెలుగు వాడలను మరిచి, పడుపు వీధులనే గుర్తుపెట్టుకుంది. 1978లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ మేరీ ఎలెన్ మార్క్ ఆ వీధి స్త్రీలను ఫొటోలు తీసింది. అంతకుముందు వెళ్లినప్పుడల్లా వాళ్లు ఆమె మీద చెత్త విసిరారు, నీళ్లు కుమ్మరించారు. ఆమె పట్టు వదల్లేదు, చివరికి దగ్గరైంది. 1981లో పుస్తకం వచ్చింది. ఆ చుట్టుపక్కలే పెరిగిన నామ్‌దేవ్ ఢసాళ్ 1972లోనే మరాఠీలో ‘గోల్‌పీఠా’ కవితలు అచ్చువేశాడు. లోపలివాడు కనుక అతనికి బాకీ లేదనీ, బయటిది కనుక ఆమె దోచుకుందనీ తేల్చేయడం తొందరపాటు. ఆ స్త్రీల మీద కథలు రాసిన తెలుగువాళ్లూ ఈ లెక్కలోకి వస్తారు.

దేవ, ఋషి, పితృ ఋణాలు మూడని అందరికీ తెలుసు. శతపథ బ్రాహ్మణం నాలుగోది చేర్చింది: మనుష్య ఋణం. తీర్చే దారీ చెప్పింది: వసతి ఇవ్వడం, అన్నం పెట్టడం. పాపమైతే సన్యాసంతో కడుక్కోవచ్చునేమో. అప్పిచ్చినవాళ్లకు మాత్రం పేరూ ఇల్లూ ఉంటాయి.

ఫాక్‌లాండ్ రోడ్డుకు ఇప్పటి పేరు పట్ఠే బాపూరావు మార్గ్. కులకర్ణి ఉద్యోగమున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన కవి బాపూరావు, కులాన్ని వదిలి తమాషా అనే మరాఠీ జానపద నాటక రంగస్థలం మీద దళిత కళాకారిణి పవళా సరసన నిలబడ్డాడు. ఎవరి ఆటపాటలు తనకు కావాలనుకున్నాడో వాళ్లలోనే బతికాడు.

సంపాదన పంచేద్దామన్న గ్రీన్ ఆలోచన గొప్పదే. అయితే మనుష్య ఋణం తీర్చడానికి మరింత దగ్గరగా కనిపించేది 1969 నాటి ఓ రికార్డు. షికాగో బ్లూస్ పియానిస్టు ఓటిస్ స్పాన్ పాడుతుంటే, అట్ట మీద స్పాన్ పేరే ముందుండగా, గ్రీన్ వెనక గిటారు వాయించాడు. మరుసటేడు స్పాన్ చనిపోయాడు.