చుండ్రుకు షాంపూ బిళ్ల

ఆదిలాబాద్‌లో చలి ముదిరిందంటే చాలు, భుజాల మీద చుండ్రు రాలుతుంది. ఇప్పుడు షాంపూ కూడా సబ్బులా బిళ్లగా దొరుకుతోంది. ప్లాస్టిక్ సీసా ఉండదు, ఒలికిపోదు. మంచిదే. కానీ ఒంటి సబ్బు వేరు, షాంపూ బిళ్ల వేరు.

ఎందుకో తెలియాలంటే మీ ఇంట్లో బోరు నీళ్ల బకెట్ చూడండి. ఒంటి సబ్బుతో స్నానం చేశాక అంచున తెల్లటి పొర కడుతుంది. అలాంటి కఠిన జలానికి సబ్బు విరిగిపోతుంది మరి. ఆ పొరే జుట్టుకూ పడుతుంది. దాన్ని చుండ్రు అనుకుని మళ్లీ అదే సబ్బు రుద్దుతాం!

ఇక అసలు చుండ్రు. మాడు మీది జిడ్డు తిని బతికే ఒక శిలీంధ్రం దాన్ని పెంచుతుంది. అందుకే చుండ్రు ఉందని నూనె దట్టించకండి. బిళ్ల కొనేముందు అట్టపెట్టె మీద చదవండి. కీటోకోనజోల్ లాంటి మందు ఉందా? తగ్గించేది ఆ మందే. నురుగును మాడుకు పట్టించి కాసేపు ఆగండి. ఆ తర్వాతే కడగండి. మళ్లీ చెబుతున్నా, కాసేపు ఆగండి. మందు పనిచేసేది అప్పుడే.

కుంకుడు రసం మురికి వదిలిస్తుంది. మందుకు బదులు మాత్రం కాదు. వారాలు గడిచాక కూడా తగ్గకపోయినా, మాడు ఎర్రబడి మంట పెట్టినా చర్మ వైద్యులకు చూపించండి. ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.