మందు చీటీ కూడా అమానతే

బొల్లారం పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారవుతుంది. రోగాన్ని తగ్గించే మందే ఒక్కోసారి కడుపులోని బిడ్డకు కీడు చేస్తుంది. ఈ సంగతి ఆ మందు మింగే తల్లికి చెబుతున్నామా?

ఫిట్స్‌కు వాడే సోడియం వాల్‌ప్రొయేట్‌నే చూద్దాం. గర్భిణి దాన్ని వాడితే పుట్టే 10 మందిలో సుమారు ఒకరికి అవయవ లోపం, 3-4 గురికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. శిశువు వెన్నెముకకు పునాది తొలి 4 వారాల్లోనే పడుతుంది. అప్పటికి చాలామంది తల్లులకు గర్భం సంగతే తెలియదు. కనుక హెచ్చరిక ముందే అందాలి. 2018లో బ్రిటన్, గర్భం రాకుండా తగిన ఏర్పాటు లేనిదే బిడ్డలను కనే వయసు స్త్రీలకు ఈ మందు ఇవ్వరాదని నియమం పెట్టింది.

భయపడుతుందని ఆమెకు చెప్పకుండా ఉండవచ్చా? ఉండరాదు. తల్లి ప్రాణం, బిడ్డ ప్రాణం రెండూ అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. తెలిసీ దాచడం ఖియానత్.

ఈ బాధ్యత డాక్టరుది మాత్రమే కాదు. సంబంధం చెడుతుందని మనం అమ్మాయి జబ్బును దాచి నికాహ్ చేస్తే, ఆమె అత్తవారింట మందు చాటుగా మింగుతుంది, లేదా ఉన్నట్టుండి మానేస్తుంది. అలా మానితే ఫిట్స్ తిరగబెట్టి తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. మందు మార్చాలన్నా, తగ్గించాలన్నా డాక్టరు సలహాతోనే జరగాలి.

సోదర సోదరీమణులారా! దుఆ చేద్దాం, డాక్టరునూ అడుగుదాం. అడిగి తెలుసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.