రెండు బండ్లు, ఒకే జబ్బు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గర్లో తీరం దాటింది. తెల్లారేసరికి ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతమంతా నేలకొరిగి ఉంది. తాతలు నాటిన కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. జీడిమామిడి తోటలు విరిగి కుప్పలు పడ్డాయి. కొత్తగా పెట్టిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. అన్నాళ్లు కూర్చుని తినే స్తోమత ఎవరికీ లేదు.

వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రపు హోరు వినబడే ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరు ఉండేవారు. తోట పోయాక చెరొక పాత డీజిల్ పికప్ బండి కొనుక్కున్నారు. రెండూ ఒకే మోడలు, ఒకే ఏడాదివి. అన్న తీరం నుంచి ఐసు పెట్టిన చేపలు తోలేవాడు, తమ్ముడు కొబ్బరికాయలు తోలేవాడు. జీడి సీజను వస్తే ఇద్దరూ 80 కిలోల పిక్కల బస్తాలు ఎక్కించుకుని పలాస ఫ్యాక్టరీలకు వెళ్లేవారు. డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు అన్నీ పోను ఒక్కో బండి మీద నెలకు 18 వేలు మిగిలేవి. రేడియేటర్లో నీళ్లు తగ్గితే ఇంటిముందు బోరు కొట్టి, బిందెతో తెచ్చి పోసేవారు. ఆ బోరు నీళ్లు కాచిన గిన్నెల అడుగున తెల్లటి పెచ్చు కట్టేది. అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రేడియేటర్ లోపల ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

మూడో వేసవిలో వారం తేడాతో రెండు ఇంజన్లూ పోయాయి. రెండు బండ్లనూ తాళ్లు కట్టి కాశీబుగ్గలో ఒక పాత మేస్త్రి షెడ్డుకు లాక్కొచ్చారు.

అన్న దిగుతూనే అడిగాడు. "మేస్త్రీ, కొత్తింజన్ ఎయ్యాలంటే ఎంతవుతాది?"

"ముందు ఇప్పి, ఎందుకు పోనాదో సూద్దుం బాబూ."

"ఎందుకు పోతే ఏటి? పోనాది. చేపలు నా కోసం ఆగుతాయేటి? రేటు సెప్పు."

బిగింపుతో కలిపి 2,60,000 అని తేలింది. అన్న ఇంట్లో బంగారం కుదువపెట్టాడు, కొంత వడ్డీకి తెచ్చాడు, కొత్త ఇంజన్ తెప్పించాడు. బిగించే రోజున మేస్త్రి మరో మాట చెప్పాడు. "రేడియేటరు, వాటర్ పంపు కూడా మార్సీమంటావా? 18 వేలవుతాది. సాసిస్ కూడా ఓసారి సూడాల."

"రెండు లచ్చల అరవై వేలు పోసినాను. ఇంక ఆ పాత డబ్బా మీద కూడా ఎట్టమంటావేటి? కొత్తదానికి రోగమేటి?" అన్నాడు అన్న. నాలుగో రోజుకల్లా బండి రోడ్డెక్కింది. ఊళ్లో అందరూ చూసి మెచ్చుకున్నారు.

తమ్ముడి దగ్గర అంత డబ్బు లేదు. అతను షెడ్డులోనే కూర్చుని, "మేస్త్రీ, ఎంతవుతాదో తరవాత సెప్పు. ఎందుకు పోనాదో ముందు సెప్పు" అన్నాడు.

మేస్త్రి ఇంజన్ ఆయిలు దించాడు. నల్లగా కారాల్సిన ఆయిలు పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. "నీళ్లు కలిసిపోనాయి" అన్నాడు. సిలిండర్ హెడ్డు విప్పి స్టీలు బద్ద ఆనించి చూపించాడు. హెడ్డు వంగిపోయి బద్ద కింద సందు కనబడుతోంది. గ్యాస్కెట్ రెండు చోట్ల కాలిపోయింది. ఆ సందులోంచి నీళ్లు ఆయిల్లోకి దిగాయి. నీళ్లు కలిసిన ఆయిలు క్రాంకును కాపాడలేక బేరింగులు అరిగిపోయాయి. వేడికి పిస్టన్లు లైనర్లను గీరేశాయి. చివరగా రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు సున్నపు పెచ్చుతో పూడుకుపోయి ఉన్నాయి.

"ఇంజన్ దానంతటది సావలేదు బాబూ. ఈ రేడియేటరు సంపేసినాది. దీన్ని ఇలాగే వదిలీసి పైన బంగారపు ఇంజన్ ఎట్టినా సస్తాది."

తరవాత ఇద్దరూ బండి కిందికి దూరారు. మేస్త్రి సుత్తితో చాసిస్ పొడవునా కొట్టుకుంటూ పోయాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టినా ఇనుము గట్టిగానే మోగింది. రెండు చోట్ల మాత్రం వెల్డింగు కావాలి. అప్పుడు లెక్క వేశారు. తిరిగే బండికి బేరం 3,50,000. ఇంజన్ పోయి నిలబడిన బండికి 1,30,000. తేడా 2,20,000. ఆ తేడాకు లోపల పని అయితేనే చేయించాలి, దాటితే ఉన్న ధరకు అమ్ముకోవాలి.

బోరింగు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్రాంకు పని, హెడ్డు సాపు చేయడం కలిపి 1,12,000. రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, పైపులు, కూలెంట్‌కు 18,000. వెల్డింగుకు 8,000. మొత్తం 1,38,000. పని పన్నెండు రోజులు పట్టింది. అన్నాళ్లూ తమ్ముడికి కిరాయి లేదు. అన్న బండి మాత్రం రోజూ హారన్ కొట్టుకుంటూ షెడ్డు ముందు నుంచే వెళ్లేది.

పదమూడు నెలలు గడిచాయి. మళ్లీ ఎండలు, మళ్లీ జీడి సీజను. నిండు లోడుతో పలాస వస్తుండగా అన్న బండిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. ఫ్యాక్టరీ ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని అతను ఆపలేదు. ఇంజన్ పట్టేసింది. కూలింగు సరిగా చూసుకోలేదు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. విప్పి చూస్తే అదే వంగిన హెడ్డు, అదే కాలిన గ్యాస్కెట్. చేపల ఉప్పునీరు కారీ కారీ చాసిస్ కూడా పగిలింది. ఇక ఆ బండికి ఫిట్‌నెస్ రాదు. పాత ఇనుము ధరకు అమ్మేశాడు. వడ్డీలు మాత్రం మిగిలాయి.

తమ్ముడి బండి ఆ పని చేయించిన తరవాత నలభై ఆరు నెలలు తిరిగింది. అప్పుడు కూడా ఇంజన్ పోయి ఆగలేదు. నడుస్తున్న బండినే మంచి ధరకు అమ్మి మరొకటి తీసుకున్నాడు.

ఆ రోజు ఇద్దరూ మళ్లీ మేస్త్రి దగ్గర కలిశారు. మేస్త్రి సుద్దముక్కతో షెడ్డు తలుపు మీద రాశాడు. అన్న ఖర్చు 2,60,000, పదమూడు నెలలు. అంటే నెలకు 20,000. తమ్ముడి ఖర్చు 1,38,000, నలభై ఆరు నెలలు. అంటే నెలకు 3,000. నెలకు 18 వేలు తెచ్చే బండి మీద అన్న ఇంజనుకే నెలకు 20 వేలు కట్టాడు. ఆ పదమూడు నెలలూ అతను పడ్డ కష్టమంతా ఇంజనే తినేసింది, పైన నెలకు 2 వేలు చేతినుంచి కూడా లాక్కుంది.

నీతి

మరమ్మతు ఖరీదు బిల్లులో ఉండదు. ఆ డబ్బు ఎన్నాళ్లు బతుకుతుందన్న దాంట్లో ఉంటుంది. దాన్ని తేల్చేది ఇంజన్ కొత్తదా పాతదా అన్నది కాదు, మొదటి ఇంజన్‌ను చంపిన కారణం తొలగిందా లేదా అన్నది.

కాబట్టి బండి ఆగినప్పుడు మొదటి ప్రశ్న ఎంత అని కాదు, ఎందుకు అని అడగాలి. రెండో ప్రశ్న, మిగిలిన బండి ఆ ఖర్చును మోయగలదా? ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ కావాలి, కుళ్లిన చాసిస్ మీద కొత్త ఇంజన్ పెట్టడం డబ్బు పారేసుకోవడమే. మూడో ప్రశ్న, తిరిగే బండి ధరకూ ఆగిన బండి ధరకూ ఉన్న తేడాలో ఈ పని అవుతుందా? విశాఖలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో సెకండ్‌హ్యాండ్ ఇంజన్ చవగ్గా దొరికితే ఇంకొకటి కూడా అడగాలి. అది ఏ బండిలోది, కాగితాలున్నాయా? ఇంజన్ నంబరు మారితే 14 రోజుల్లోగా రవాణా అధికారులకు తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే రేపు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు తప్పదు.

అన్న బద్ధకస్తుడు కాదు, పిసినారి కాదు. తమ్ముడికంటే ఎక్కువ ఖర్చు పెట్టాడు, ముందుగా రోడ్డెక్కాడు. అవసరం తరుముతుంటే ఎవరైనా అలాగే చేస్తారు. తుపానుకు తోట పోయినవాళ్లకు రెండోసారి నష్టపోయే ఓపిక ఉండదు, అందుకే ఈ మాట వాళ్లకే ముందు చేరాలి. కారణం వెతకడానికి పోయే నాలుగు రోజులు నష్టం కాదు. పెట్టబోయే ప్రతి రూపాయికీ ఆయుష్షు పోసేది ఆ నాలుగు రోజులే.