కారులో మీట ఎవరి చేతిలో ఉండవలెను?

ఈసారి మేము వ్రాయబూనినది చూచుటకు చిన్న సంగతి. కారులో చల్లగాలి మీట, రేడియో మీట – ఈ రెండింటిని గూర్చి. ఇంత మాత్రమునకు ఒక వ్యాసమా అని పాఠకులు అనవచ్చును. మేమును గత వేసవి వరకు అట్లే అనుకొనియుంటిమి.

గత వేసవిలో ఒక పెండ్లి నిమిత్తము చెన్నై నుండి కావలికి వెళ్ళవలసి వచ్చినది. ఏడుగురు కూర్చుండు కారు ఒకటి మాట్లాడుకున్నాము. దినమునకింత అద్దె, డీజిలు మాది. మేము, మా ఇంటావిడ, మా వదినగారు, కుమార్తె, అల్లుడు, మనుమడు కలిసి ఆరుగురము. ఏడవవాడు డ్రైవరు. ముప్పది ఏండ్లు నిండని తమిళ యువకుడు, నెమ్మదిగలవాడు.

గుమ్మిడిపూండి చేరకముందే కారులో తగవు మొదలైనది. మా కుమార్తెకు ఏ.సి. చాలదు. మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పులు గనుక చల్లగాలి పాదములకు తగులరాదు. మా వదినగారికి మెడమీదికి గాలి వచ్చిన ఆ రాత్రి నిద్రయుండదు. మనుమడు చెవులలో ఏవో తగిలించుకొని ఈ లోకమునకు సంబంధము లేనట్లు కూర్చున్నాడు. ఒకరు పెంచుమని, ఒకరు తగ్గించుమని, ఆ డ్రైవరు చేయి స్టీరింగు మీద కంటె మీట మీదనే ఎక్కువగా ఉన్నది. అతడు మెల్లగా తమిళ పాటలు పెట్టుకున్నాడు. "తంబీ, ఆ పాటలు ఆపు" అన్నాము. ఆపాడు. తడ దాటి ఆంధ్రలో ప్రవేశించిన పిమ్మట తెలుగు స్టేషను వెదకుమన్నాము. వెదికాడు. నెల్లూరు సమీపించునప్పటికి తెలుగు మాటలు వినబడగా, శబ్దము పెంచుమన్నాము. పెంచాడు. అతనికి తెలుగు రాదను సంగతి మాలో ఒక్కరికిని తోచలేదు.

కావలిలో పెండ్లి పదకొండు గంటలకు. కారు దిగుచు మేమే అతనితో చెప్పాము: "ఊరకే ఇంజను నడిపి డీజిలు కాల్చవద్దు బాబూ." అతడు ఒక వేపచెట్టు క్రింద, సగము నీడలో, అద్దములు దించుకొని కూర్చున్నాడు. భోజనము మాత్రము చివరి పంక్తిలో పెట్టించి, మా ధర్మము నెరవేరినదనుకున్నాము. పందిరిలో ఫ్యానులు తిరుగుచున్నవి, కుర్చీలు ఖాళీగా ఉన్నవి. లోపలికి వచ్చి కూర్చుండుమని చెప్పినవారు లేరు. మూడు గంటలు గడిచినవి.

తిరుగు ప్రయాణములో నెల్లూరు దాటిన తరువాత ముందు ఒక చేపల లారీ పోవుచున్నది. వాసన భరించలేక మా కుమార్తె చెప్పగా డ్రైవరు ఒక బటను నొక్కాడు. వాసన పోయినది. లారీయు పోయినది. బటను మాత్రము అట్లే ఉండిపోయినది. భోజనపు బడలికతో మా అల్లుడు ముందు సీటులోనే నిద్రపోయాడు. మేమందరము నిద్రపోయాము. రేడియో ఆపియున్నది, ఎందుకనగా నిద్రకు అడ్డమని మేమే ఆపించాము. గూడూరు దాటిన కొంతసేపటికి కారు ఒక్కసారిగా అదిరినది. ఎడమ టైరు తెల్లగీత దాటి కంకరలోనికి దిగినది. ఆ కుదుపుకే అతడు మేలుకొని స్టీరింగు త్రిప్పాడు. ఎదుట నిలిచియున్న లారీకి మాకు మధ్య ఎంత దూరమున్నదో చెప్పుటకు ఇప్పటికిని మనసొప్పదు.

"నిద్రపోతున్నావా?" అని మా అల్లుడు కేకవేశాడు. ఆ యువకుడు కారు ప్రక్కకు నిలిపి చేతులు జోడించాడు. "తప్పు నాదే సార్. పాట ఒకటి ఉంటే కన్ను మూయను. అయ్య వద్దన్నారు" అని తమిళములో అన్నాడు. నిందించినట్లు అనలేదు. కాని ఆ మాటకు మాలో ఎవరికిని నోరు లేవలేదు.

ఆ బటను సంగతి చెప్పవలెను. ఇది తెలియనివారు మనలో అనేకులున్నారు. కారు బొమ్మ గీచి అందులో మెలిక తిరిగిన బాణము ఉన్న బటను నొక్కితే, వెలుపలి గాలి లోపలికి రాక, లోపలి గాలియే మరల మరల తిరుగును. బాణము వెలుపలి నుండి లోనికి వచ్చునట్లున్న బటను నొక్కితే క్రొత్త గాలి వచ్చును. మొదటి దానిలో కారు త్వరగా చల్లబడును, పొగయు వాసనయు రావు. కాని ఏడుగురు విడిచిన బొగ్గుపులుసు వాయువు కూడ ఆ పెట్టెలోనే మిగులును. బయటి గాలిలో అది సుమారు 0.04 శాతము. అద్దములన్నీ మూసి, లోపలి గాలినే త్రిప్పుచు, నిండుగా కూర్చున్న కారులో అరగంటలోపే అది అనేక రెట్లు పెరుగును. తల బరువెక్కును, ఆవులింతలు వచ్చును. చల్లగా ఉన్నది గనుక గాలి మంచిదనుకొందుము. చలువ వేరు, శుభ్రత వేరు. ఏ.సి. గాలిలోని వేడిని, తేమను తీయును. ఆ తేమయే నీరై కారు క్రింద బొట్లు బొట్లుగా కారును. దానిని చూచి కారు పాడైనదని కంగారుపడినవారిని ఎరుగుదుము. తేమను తీయును గాని బొగ్గుపులుసు వాయువును తీయదు. పరిసరములు చల్లబడిన వెంటనే బయటి గాలి బటను నొక్కవలెను.

ఇంకొక హెచ్చరిక కూడ. ఎండలో నిలిపిన కారులో పది నిమిషములలోనే పది డిగ్రీలకు పైగా వేడి పెరుగును. పిల్లలను అందులో ఒక్క నిమిషమని విడువరాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపుచు ఏ.సి. వేసుకొని నిద్రించుటయు ప్రాణాపాయము. వాసన లేని కార్బన్ మోనాక్సైడు అందులో చంపును.

కారులో చల్లని యంత్రము పెట్టిన తొలి దినములలో దానికి సరియైన మీటయే లేదు. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ ఆ సౌకర్యమును ప్రకటించినప్పుడు, దానిని పూర్తిగా ఆపవలెనంటే కారు నిలిపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయవలసి వచ్చెడిది. 1964లో క్యాడిలాక్ కారులో ఇన్ని డిగ్రీలని చెప్పి వదిలితే తానే సరిచూచుకొను ఏర్పాటు వచ్చినది. ఇప్పుడు కొన్ని కార్లలో కుడివైపు వారికి ఒక చలువ, ఎడమవైపు వారికి ఒక చలువ. యంత్రము ఇంత దూరము వచ్చినది. డ్రైవరు అడుగకుండ మనమే అడుగవలసిన మాట మాత్రము మన నోట ఇంకను రాలేదు.

రేడియో సంగతి వేరు. చలువను పంచవచ్చును, గాలి గొట్టము ఇటు త్రిప్పవచ్చును, దుప్పటి కప్పుకొనవచ్చును. శబ్దమును అట్లు పంచలేము. మా మనుమని వలె చెవులు మూసుకొను హక్కు డ్రైవరుకు లేదు. 1930లో మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మకమునకు వచ్చినప్పుడు, అది డ్రైవరు ధ్యాసను చెరుపునని అమెరికాలో గట్టి వాదము జరిగినది. ఆ భయము అర్థము లేనిది కాదు. అయితే ఒంటరిగా మేలుకొనియున్నవానికి ఆ ధ్వనియే తోడు అనునది కూడ నిజమే. పాట నిద్రను కొంతసేపే ఆపును. ముంచుకొచ్చు నిద్రకు కారు నిలిపి పదిహేను ఇరువది నిమిషములు కునుకు తీయుటయే మందు. కాని నిలుపుమని చెప్పవలసినవారము మేము నిద్రలో ఉన్నాము.

ఇక్కడ మాకు మా తండ్రిగారు జ్ఞాపకము వచ్చినారు. మద్రాసు రేడియో కేంద్రము 1938లో ఆరంభమైన నాటి నుండి తెలుగు కార్యక్రమములు ఉండేవి. విజయవాడ కేంద్రము 1948లో వచ్చినది. మా చిన్నతనమున ఆయన రాత్రివేళ రేడియో ముల్లు వెండ్రుకవాసి చొప్పున జరుపుచు విజయవాడ కొరకు వెదకుచుండేవారు. మీడియం వేవ్ రాత్రిపూట వందల కిలోమీటర్లు వచ్చును గనుక, గరగరలో నుండి ఒక తెలుగు మాట వినబడితే ఆయన ముఖము మారిపోయేది. మా ఇంటి యజమాని తమిళుడు, క్రింది భాగములో ఉండేవాడు. ఆ గరగర ఆయనకు ఎంత విసుగో ఇప్పుడు ఊహించగలము. ఒక్కనాడును ఆపుమని కబురు పంపలేదు. పరభాష మధ్య మన భాష వినుటకు మనకు అట్టి ఓర్పు లభించినది. అదే మేము, ఆ యువకుడు రోజంతయు కూర్చుండి పనిచేయు చోట, అతని భాషను ఒక్క మాటతో ఆపించాము. "కిరాయి మాది" అను ధైర్యముతో.

కిరాయి ఇచ్చినవాడు ఏమి కొనుచున్నాడు? ఇదియే ప్రశ్న. ప్రయాణమును కొనుచున్నాడు. కారును ఆ దినమునకు కొనుచున్నాడు అందురు కొందరు. సరే. కాని కారులో కూర్చున్నవాని చెమటను, చెవిని, మెలకువను కూడ కొన్నాడా? ఉపాధ్యాయులుగా పనిచేసిన దినములలో మా తరగతి గదిలో ఒకే ఫ్యాను ఉండేది. అది మా బల్ల మీదనే తిరిగేది, నలుబదిమంది పిల్లల మీద కాదు. అట్లు బిగించినవారిని మేము అడుగలేదు. మాకు గాలి తగులుచున్నది గనుక.

ఈ ప్రశ్నకు రెండవ ప్రక్క కూడ ఉన్నది. 2024 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఆప్ ద్వారా నడుపు కార్ల డ్రైవర్లు "ఏ.సి. వేయము" అని ఉద్యమము చేశారు. కిలోమీటరుకు తమకు దక్కు సొమ్ము ఏ.సి. నడుపు ఖర్చుకు చాలదని వారి వాదము. అప్పుడు మేము ప్రయాణికుల పక్షమే మాట్లాడితిమి. ఏప్రిల్ ఎండలో డబ్బిచ్చి చెమటలు కార్చుకొనుట ఏమి న్యాయమని. ఇప్పుడును ఆ ప్రయాణికుని కష్టము కష్టమే అందుము. కాని మీట అతని చేతిలో ఉన్నను దాని ఖర్చు ఎవరి మీద పడునో నిర్ణయించినవారు ఆ కారులో లేరు. అందులో ఉన్న ఇద్దరే ఒకరినొకరు నిందించుకొనిరి. మా కారులోనైతే డీజిలు ఖర్చు మాదే. మూడు గంటలు ఇంజను నడిపినను మహా అయితే మూడు లీటర్లు. మూడు వందల రూపాయలు. ఆ ఉదయము చదివింపు కవరులో వెయ్యిన్నూటపదహార్లు పెట్టినప్పుడు మాకు చేయి వణకలేదు. ఆ మాటకు వస్తే ఆ మూడు వందలు కూడ అక్కరలేదు. పందిరిలోనికి రమ్మను పిలుపు చాలియుండేది.

ప్రభుత్వము 2023 డిసెంబరులో ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, 2025 అక్టోబరు 1 నుండి తయారగు పెద్ద, మధ్యరకపు లారీలకు డ్రైవరు క్యాబిన్‌లో ఏ.సి. ఉండితీరవలెను. చల్లగా ఉంటే లారీ డ్రైవర్లు నిద్రపోదురని చెప్పినవారు ఉన్నారు. మేమును ఒకప్పుడు తల ఊపినవారమే. మండు ఇనుప పెట్టెలో పదిగంటలు కూర్చున్న మనిషికి వచ్చు అలసట సంగతి, వెనుక సీటులో చల్లగా కూర్చున్న మాకేమి తెలియును?

కాబట్టి ఎవరి మాట చెల్లవలెనని అడిగితే, మా ఆలోచన ఇది. కారులో ఇష్టము వచ్చినప్పుడు నిద్రపోగలవారును, దిగిపోగలవారును ఆరుగురు. ఆ రెండును చేయలేనివాడు ఒక్కడు. ఆ ఒక్కని మెలకువకు కావలసినది మొదట చూచి, తరువాత మోకాళ్ళు, ఆ తరువాత మెడలు, చివరకు పాటలు. మా ఇంటావిడ దీనికి ఒప్పుకొనలేదు. "ఆయన మెలకువకు చల్లగాలి కావాలి సరే, నా మోకాళ్ళు ఎవరు మోస్తారు?" అని అడిగినది. దానికి మా యొద్ద ఒక దుప్పటి తప్ప సమాధానము లేదు.

ఆ సాయంకాలము నాయుడుపేట వద్ద టీ దుకాణము ముందు కారు నిలిపించాము. తలుపులన్నీ తెరచి, సీటు వెనుకకు వాల్చి అతడు అరగంట పడుకున్నాడు. మేము బల్లలమీద కూర్చున్నాము. లేచి ముఖము కడుగుకొని వచ్చిన తరువాత, "నీ పాటలు పెట్టుకో తంబీ" అన్నాము. అతడు నమ్మలేదు. రెండవసారి చెప్పవలసి వచ్చినది. మూడవ పాటకు మా వదినగారు, ఈ బాణీ తెలుగులో కూడ వచ్చినదని మెల్లగా అందుకున్నది.

అప్పటి నుండి దూర ప్రయాణములలో ముందు సీటు మాది. డ్రైవరుతో మాట్లాడుచుండుట, బాణపు బటను చూచుట మా పని. నిద్ర వచ్చినచో వెనుకకు వెళ్ళి కూర్చుండవలెనని మా అల్లుడు ముందే షరతు పెట్టియున్నాడు.