కంటికి ఆనడం

"నేను నల్లగా ఉంటాను కదా తమ్ముడూ, వెనక వరసల వాళ్ళకి ఆనను. ఇంకాస్త పౌడరు వేయించుకోనా?"

పరిషత్తు పోటీలకు రెండు రోజుల ముందు, రిహార్సల్ మధ్యలో ఒక నటి నన్ను అడిగింది. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన తెనాలికి దగ్గర్లోనే మా ఊరు. పగలంతా బట్టలు కుట్టి, బడిలో పాఠాలు చెప్పి, రాత్రికి నాటకం కట్టే చిన్న సమాజం మాది. అక్కడే లైటింగ్ నేర్చుకుంటున్నాను. ఆ అక్కది కుట్టుమిషను పని, నాటకంలో పనిమనిషి వేషం. మూడో రంగంలో ఇంటాయన కూతురి పెళ్ళికి కట్నం బేరమాడుతుంటే, మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఓ మూల నిలబడి వింటుంది. ఒక్క డైలాగూ లేదు.

"అలాగే అక్కా" అనేశాను. అన్నాక ఆ మాట నన్ను వదల్లేదు. మనిషి కనబడకపోతే ఆ తప్పు మనిషిదా, దీపం పెట్టినవాడిదా?

మా మాస్టారు నాకు మొదటి పాఠం చెప్పినప్పుడు స్విచ్చి కూడా ముట్టనివ్వలేదు. చీకటి గదిలో ఒకణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే ఒక్క దీపాన్ని చేత్తో పట్టుకుని అతని చుట్టూ తిరగమన్నారు. కింద నుంచి పడితే రాక్షసుడు. నడినెత్తి మీద నుంచి పడితే కళ్ళు రెండు గుంటలు. ఎదురుగా పెడితే ముఖం అప్పడంలా చదునైపోయింది. కొంచెం పక్కకీ కొంచెం పైకీ జరిపాను. చెంప నిండింది, ముక్కు లేచింది, కళ్ళలోకి చూపు వచ్చింది. కుర్చీలోవాడు మాత్రం కదల్లేదు. వీటిలో అతని అసలు ముఖం ఏదని అడిగితే మాస్టారు నవ్వి ఊరుకున్నారు. ఆ ప్రశ్నకి నాకిప్పటికీ జవాబు దొరకలేదు. మనం రోజూ చూసే ముఖం కూడా మన దీపం ఉన్న చోటును బట్టి కనబడేదే కదా!

ఆయన తరంవాళ్ళు ఉప్పునీళ్ళ డిమ్మర్లతో పనిచేశారు. జాడీలో ఉప్పు కలిపిన నీళ్ళు, అడుగున ఒక లోహపు పలక, పై నుంచి తాడుతో దించే పలక ఇంకొకటి. రెండూ దగ్గరపడేకొద్దీ వేదిక మీద తెల్లవారుతుంది. నీళ్ళు మరిగి ఆవిరి లేచేది. తడి చెయ్యి తగిలితే ప్రాణం మీదికొచ్చేది. ఒక ముఖం మెల్లగా వెలగడం కోసం ఒక మనిషి తెర వెనక ఊపిరి బిగబట్టి ఆ తాడు దించుతూ ఉండేవాడు. ఆ సంగతి విన్నప్పటి నుంచీ ఏ వేదిక మీద వెలుగు చూసినా నాకు ఆ చెయ్యే గుర్తుకొస్తుంది.

14వ శతాబ్దపు విద్యారణ్యుల వేదాంత గ్రంథం పంచదశిలో పదో ప్రకరణం పేరు నాటకదీపం. నాట్యశాలలోని దీపం ప్రభువునీ సభ్యులనీ నర్తకినీ భేదం లేకుండా వెలిగిస్తుంది, వాళ్ళంతా వెళ్ళిపోయినా తాను వెలుగుతూనే ఉంటుంది. సాక్షి చైతన్యం అలాంటిదని ఆయన పోలిక. అది మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. అయినా ఆ పోలికతో నాకో పేచీ ఉంది. మా దీపానికి భేదం తప్పదు. తండ్రి మీద వేస్తే పనిమనిషి చీకట్లో పడుతుంది. ఎవరు ఆనాలో, ఎవరు ఆనకూడదో నిచ్చెన మీది మనిషి నిర్ణయిస్తున్నాడు. అతను సాక్షి ఎలా అవుతాడు? ఇక అందరూ వెళ్ళిపోయాక ఖాళీ వేదిక మీద వెలిగే దీపాన్ని నేను చాలాసార్లు చూశాను. గాలిలో ధూళి తప్ప అక్కడేమీ కనబడదు. ముఖం అడ్డు వచ్చినప్పుడే వెలుగు వెలుగని తెలుస్తుంది. అలాంటప్పుడు ఎవరు ఎవరిని వెలిగిస్తున్నట్టు?

మర్నాడు పెందలాడే వెళ్ళి అక్కని ఆ మూల నిలబెట్టాను. లోపం పదినిమిషాల్లోనే తెలిసిపోయింది. వెనక నల్ల తెర, ఎదురుగా తండ్రి కోసం పెట్టిన పెద్ద దీపాలు. ఆ వెలుగు ఆమె దాకా వచ్చేసరికి పలచబడి, ముఖాన్ని తెరలో కలిపేస్తోంది. ప్రతి ముఖానికీ 45 డిగ్రీల్లో రెండు వైపుల నుంచి, ఒకటి వెచ్చగా ఒకటి చల్లగా దీపాలు పెట్టమని అమెరికాలో మెకాండ్లెస్ అనే లైటింగ్ నిపుణుడు 1932లోనే పుస్తకం రాశాడు. మాకు ఒక్కో మనిషికి రెండేసి దీపాలెక్కడివి? మిగిలింది ఒక్క అయిదు వందల వాట్లది. దాన్ని పక్క నుంచి పెట్టి పసుపు జెలటిన్ కాగితం కట్టాను. పౌడరు తుడుచుకోమన్నాను. చెమట పట్టిన చెంప ఎముక మీద వెలుగు గీతలా మెరిసింది. ముక్కుపుడక తళుక్కుమంది. గొంతు కింద నరం కదలడం చివరి వరసలో నుంచున్న నాకు కనబడింది. తెల్లటి ముఖం మీద ఆ వెలుగు అలా నిలిచేది కాదు.

కానీ ఇంకో సందేహం పట్టుకుంది. ఆమె తాను కనబడాలంది. నేను చూపిస్తున్నది ఆమె వినడాన్ని. ఎప్పుడూ ఎవరూ చూడని మూలలో నిలబడి వినేవాళ్ళకి అదొక రక్షణ కూడానేమో. దాన్ని తీసేసే హక్కు నాకెవరిచ్చారు? ఆమెనే అడిగాను. పళ్ళెం సర్దుకుంటూ, "నా మీద వెలుగు పడుతుంటే చెయ్యి వణక్కుండా పట్టుకోవాలి మరి" అంది.

సాయంత్రం మాస్టారు వచ్చి చూశారు.

"ఆ అమ్మాయికి డైలాగు లేదుగా?"

"వింటోంది కదండీ."

ఆయన మరేం మాట్లాడలేదు. నిచ్చెన జరిపించుకుని తానే ఎక్కి, పళ్ళెంలోని నీళ్ళ మీద కూడా వెలుగు పడేట్టు దీపాన్ని రెండు వేళ్ళంత కిందికి వంచారు.